'మనోళ్ళే కదా' అనేది బిల్లు కాదు



పోస్టు పొడుగే. చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళు రెండు సంగతులు మాత్రం గుర్తుపెట్టుకుని వెళ్ళండి. పనివాడు మన భాష మాట్లాడాడని రేటు అడగడం మానకండి. ఈ ఊరు మనది కాదనుకుని ఫిర్యాదు చేయడం మానకండి. ఈ రెండు మొహమాటాల వల్లే మన సంఘంలో ఒక పెద్దావిడకు 18,880 రూపాయల దెబ్బ తగిలింది.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నామంటే, వచ్చే సర్వసభ్య సమావేశానికి ఒక తీర్మానం వస్తోంది. మన చుట్టుపక్కల ఫుట్‌పాత్ మీద కూర్చుని బీగాలు బాగుచేసేవాళ్ళందరినీ లేపేయమని పోలీసులకు, కార్పొరేషన్‌కు సంఘం తరఫున అర్జీ పెట్టాలట. ఆ తీర్మానానికి మేము ఒప్పుకోం. కార్యవర్గంలో మేము నలుగురం కలిసే ఇది రాస్తున్నాం. ఎందుకు ఒప్పుకోమో తెలియాలంటే అది పుట్టిన కథ మొదటినుంచీ చెప్పాలి.

ఆవిడ మనలో చాలామంది పిల్లలకు లెక్కలు చెప్పిన టీచరమ్మ. రిటైరయ్యాక ఒక్కరే ఉంటున్నారు. పేరు రాయవద్దన్నారు, జరిగింది మాత్రం దాచకుండా రాయమన్నారు. ఒక గురువారం సాయంత్రం గుడికి వెళ్తున్న పక్కింటావిడ చేతికి టెంకాయ ఇద్దామని గడప దాటారు. గాలికి తలుపు లాక్కుపోయి నైట్ లాచ్ పడింది. తాళంచెవులు లోపల, పొయ్యి మీద పాలు. చేతిలో ఫోను, ఫోను కవరులో క్రెడిట్ కార్డు. బెంగుళూరులో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎవరికైనా జరగగలిగేదే ఇది.

ఫోనులో వెతికితే అన్నిటికన్నా పైన ఒక ప్రకటన కనిపించింది. ఇరవైనాలుగు గంటల సేవ, పదిహేను నిమిషాల్లో మీ వాకిట్లో, 250 రూపాయల నుంచి. ఈ 'నుంచి' అనే మాట దగ్గరే అందరం పడిపోతాం. ఫోను ఎత్తినవాళ్ళు ఇంటి అడ్రసు అడిగారు గానీ రేటు చెప్పలేదు. "మనిషి వచ్చి చూసి చెప్తాడు మేడమ్" అన్నారు. ముప్పావుగంటకు ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద వచ్చారు. టీచరమ్మ కన్నడంలో మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకడు ఆవిడ యాస పట్టేసి, "పెద్దమ్మా, తెలుగోళ్ళా మీరు? మేమూ మనోళ్ళమే. భయపడకండి, మేం చూసుకుంటాం" అన్నాడు. అక్కడితో ఆవిడ గుండె కుదుటపడింది. అప్పటిదాకా నోట్లో ఆడుతున్న "ఎంత అవుతుంది?" అన్న ప్రశ్న మింగేశారు. మనవాణ్ణి రేటు అడిగితే బాగుంటుందా అనిపించిందట.

వాళ్ళు బీగాన్ని సరిగ్గా చూడను కూడా లేదు. సంచిలోంచి డ్రిల్లు తీశారు. నాలుగు నిమిషాల్లో బీగం తుక్కు. పాలు మాడిపోయాయి గానీ తలుపు తెరుచుకుంది. తర్వాత కొత్త బీగం బిగించి, తెల్లకాగితం మీద లెక్క రాశారు. రావడానికి 250, తెరిచినందుకు 2,900, కొత్త బీగం 3,850, రాత్రి పని అని 1,000. మొత్తం 8,000. దాని మీద జీఎస్టీ 18 శాతం, 1,440. వెరసి 9,440. సాయంత్రం ఏడింటికి రాత్రి పని ఏమిటని అడిగితే, "అయితే బీగం ఊడదీసుకుని పోతాం పెద్దమ్మా, తలుపు తెరిచిపెట్టుకుని పడుకోండి" అన్నాడట ఆ మనోడు.

ఆవిడ కార్డు ఇచ్చారు, పిన్ కొట్టారు. మెషీన్ చూసి "ఫెయిలైంది, ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి కొట్టారు. మర్నాడు చూస్తే రెండు మెసేజీలు, రెండింటిలోనూ 9,440.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆవిడ ఎవరికీ చెప్పలేదు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి లెక్కలో మోసపోయిందని నవ్వుతారని. కార్డు బిల్లు వచ్చాక గత్యంతరం లేక మాలో ఒకరికి ఫోను చేశారు. ఆవిడ అనుమతితో మన వాట్సాప్ గ్రూపులో పెట్టాం. అప్పుడొచ్చిన జవాబుల గురించే మా అసలు బాధ.

మొదటి రకం జవాబు: "చదువుకున్నవాళ్ళే ఇలా చేస్తే ఎలా?" రెండో రకం: "ఈ ఊళ్ళో వీళ్ళంతా ఇంతే, బయటివాళ్ళంటే దోచుకోవడమే." మూడో రకం: "పరాయి రాష్ట్రంలో ఉన్నాం, గొడవలు పెట్టుకోకండి. పోతే పోయాయి, స్వల్ప అడ్జస్ట్ మాడి." ఈ మూడింటి నుంచే పుట్టింది ఆ తీర్మానం. గొడవ వద్దంటూనే ఫుట్‌పాత్ వాళ్ళను లేపేయాలట! మోసం చేసినవాడి జోలికి పోవడానికి భయం, చేయనివాడి పొట్ట కొట్టడానికి ధైర్యం.

ఒక్కొక్కటీ తీసుకుందాం.

చదువుకున్నవాళ్ళ మాట. పొయ్యి వెలుగుతోంది, తలుపు పడిపోయింది, చీకటి పడుతోంది. ఆ స్థితిలో ఉన్న మనిషి బేరం ఆడదని తెలిసే ఆ వ్యాపారం అలా నడుస్తుంది. రేటు ఫోనులో చెప్పకపోవడం, చూడకుండానే డ్రిల్లు తీయడం, పని అయ్యాక అంకె చెప్పడం, మూడూ ఒక వరసలో జరుగుతాయి. బీగం పగిలాక మీరు కొత్తది కొనక తప్పదు, అది వాడి సంచిలో తప్ప దగ్గర్లో దొరకదు. ఆ బీగానికి పేరూ లేదు, వారంటీ కాగితమూ లేదు. తర్వాత మేము అవెన్యూ రోడ్డు వైపు ఒక హార్డ్‌వేర్ అంగడిలో చూపిస్తే 900కి ఇస్తామన్నారు. ఇందులో టీచరమ్మ తెలివితక్కువతనం ఎక్కడుంది? ఆవిడ చేసిన పొరపాటు ఒక్కటే, రేటు ముందు అడగకపోవడం. అది కూడా 'మనోళ్ళు' అన్న మాట విని.

ఇక 'ఈ ఊరివాళ్ళంతా ఇంతే' అన్న మాట. ఆ మాట రాసినవాళ్ళు మేము పెట్టిన సంగతి సరిగ్గా చదవలేదు. మోసం చేసినవాడు మాట్లాడింది తెలుగు. మెత్తగా, 'పెద్దమ్మా' అని పిలుస్తూ చేశాడు. వాడు నిజంగా తెలుగువాడా, నాలుగు భాషలు నేర్చినవాడా మాకు తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. అవతలివాళ్ళ భాష ఏదైతే ఆ భాషలో 'మనోళ్ళం' అంటాడు. తమిళుల ఇంటికి వెళ్తే తమిళంలో అంటాడు. తాతల కాలం నుంచి ఇక్కడ ఉంటున్నా ఒక తెలుగు మాట చెవిన పడితే కరిగిపోతాం మనం. ఆ కరగడం మంచి గుణమే. కానీ వాడు దానికి కూడా ఒక రేటు కట్టాడు, 9,440.

మన వీధి మలుపులో ఆంజనేయ గుడి గోడ పక్కన గొడుగు కింద కూర్చునే ముసలాయన మాత్రం ఇంట్లో దక్కనీ, బయట కన్నడం మాట్లాడతాడు. తెలుగు రెండు ముక్కలే వచ్చు. ఖాళీ తాళంచెవిని బీగంలో పెట్టి తిప్పి, దాని మీద పడ్డ గీతలు చూసుకుంటూ ఆకురాయితో అరగదీసి తాళంచెవి చేస్తాడు. మాలో ఇద్దరి ఇళ్ళలో తలుపులు పడితే ఆయనే వచ్చి బీగానికి గీత పడకుండా తెరిచాడు. బయలుదేరే ముందే రేటు చెప్పాడు, చెప్పినంతే తీసుకున్నాడు. నైట్ లాచ్ గాలికి పడి, లోపల రెండో తిప్పు పడకపోతే, చేయి తిరిగిన పనివాడు చాలాసార్లు బీగం పాడుచేయకుండానే తెరవగలడు. డ్రిల్లు ఆఖరి ఉపాయం, దాన్ని మొదటి ఉపాయంగా వాడేవాడికి పని రాదు, లేదా బీగం అమ్ముకోవాలని ఉంది. ఆ గొడుగు కింది మనిషి రేపు కూడా అక్కడే ఉంటాడు. తప్పు చేస్తే మనం వెళ్ళి అడగగలం. ప్రకటనలో ఉన్న అడ్రసుకు మేము వెళ్ళాం. అక్కడున్నది జెరాక్స్ అంగడి. ఆ నంబరు గురించి వాళ్ళకేమీ తెలియదు. నంబరుకు ఫోను చేసి ఆఫీసు ఎక్కడని అడగగానే పెట్టేశారు.

మరి మన తీర్మానం లేపేయమంటున్నది ఎవరిని? అడ్రసు లేనివాణ్ణి వదిలేసి అడ్రసు ఉన్నవాణ్ణి. వీధి మీద సరుకు అమ్ముకునేవాళ్ళకే కాదు, సేవ చేసి బతికేవాళ్ళకు కూడా 2014 వీధి వ్యాపారుల చట్టం రక్షణ ఇస్తుంది. దాన్ని పక్కన పెట్టినా, మన తాతలు కూడా ఈ ఊరికి చేతిపని పట్టుకుని వచ్చి, ఎవరి గోడ పక్కనో గొడుగు వేసుకుని మొదలుపెట్టినవాళ్ళే. అది మరిచిపోయి అర్జీ మీద సంతకం ఎలా పెడతాం?

తీర్మానం పెట్టినవాళ్ళు ఇంకో భయం చెప్తున్నారు. అది నిజమైన భయమే. 'బీరువా తాళాలు బాగుచేస్తాం' అని వీధుల వెంట తిరిగేవాళ్ళలో కొందరు ఇల్లాలిని నూనె తెమ్మని, తాళంచెవి వేడిచేసుకు రమ్మని లోపలికి పంపి, ఆ రెండు నిమిషాల్లో లాకరులోని బంగారం తీసేస్తారు. పోతూ పోతూ "బీగం సెట్ కావాలి, సాయంత్రందాకా తెరవకండి" అని చెప్తారు. తెరిచేసరికి వాళ్ళు ఊరు దాటి ఉంటారు. పోలీసు కేసుల్లో పదే పదే కనిపించే పద్ధతి ఇది. దీనికి జవాబు మలుపులో కూర్చున్నవాణ్ణి తరమడం కాదు. తిరుగుడు మనిషికి బీరువా చూపించకూడదు. బీరువా బాగుచేయించాలంటే ముందు లోపలి వస్తువులు ఖాళీ చేయాలి, ఇంకో మనిషిని తోడు పెట్టుకోవాలి, పని జరుగుతున్నంతసేపు అక్కడి నుంచి కదలకూడదు, అయిపోగానే మనమే తెరిచి చూడాలి.

ఇప్పుడు 'పోతే పోయాయి' అన్నవాళ్ళకు జవాబు. ఇక్కడ బ్యాంకు సంగతి కూడా చెప్పాలి.

టీచరమ్మ కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే వచ్చిన మొదటి జవాబు: "మీరే పిన్ కొట్టారు కాబట్టి ఇది సరైన లావాదేవీ. మేము చేయగలిగింది లేదు." చాలామంది ఇక్కడే ఫోను పెట్టేస్తారు. బ్యాంకు కోరుకునేదీ అదే. ఆ జవాబులో సగమే నిజం. కార్డు మీద అన్యాయంగా పడ్డ డబ్బు మూడు రకాలు. వాటిని కలిపేస్తే మనమే ఓడిపోతాం.

మొదటి రకం, మనకు తెలియకుండా ఎవరో చేసినది. దీనికి 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఇచ్చింది. తప్పు మనదీ బ్యాంకుదీ కాక బయటివాడిదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెప్పినవాళ్ళకు ఏ నష్టమూ ఉండకూడదు. 4 నుంచి 7 పనిదినాల్లో చెప్తే నష్టానికి పరిమితి ఉంటుంది. 5 లక్షల వరకు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు అది 10,000. ఆ తర్వాత ఆ బ్యాంకు సొంత విధానం ప్రకారం. చెప్పిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా వేయాలి. కస్టమరుదే తప్పు అనాలంటే రుజువు చేయవలసింది బ్యాంకే.

రెండో రకం, మనమే ఇచ్చాం గానీ ఒకసారి ఇవ్వవలసింది రెండుసార్లు పడింది, లేదా చెప్పిన మొత్తం వేరు, పడింది వేరు. ఇక్కడ పిన్ కొట్టడం అడ్డం కాదు. పిన్ కొట్టారంటే ఒక పనికి ఒకసారి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నారని అర్థం, రెండుసార్లు ఇవ్వడానికి కాదు. ఇలాంటి తగాదాలకు కార్డు నెట్‌వర్కుల్లో ఛార్జ్‌బ్యాక్ అనే పద్ధతి ఉంది. మన బ్యాంకు, మెషీన్ ఇచ్చిన బ్యాంకును అడుగుతుంది. ఆ బ్యాంకు వ్యాపారి దగ్గర రుజువు అడుగుతుంది. వాడు చూపించలేకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. దీనికి గడువులు ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయకూడదు.

మూడో రకం, ఒకసారే ఇచ్చాం, ఎంతో తెలిసే ఇచ్చాం, కానీ బెదిరించో మభ్యపెట్టో ఎక్కువ గుంజారు. దీన్ని బ్యాంకు ద్వారా గెలవడం కష్టం. ఉన్నమాట చెప్పాలి కదా. దీనికి దారి వినియోగదారుల కమిషన్.

టీచరమ్మది రెండో రకమూ మూడో రకమూ కలిసిన కేసు. ఆవిడ ఫోనులో "నన్ను మోసం చేశారు, మొత్తం వెనక్కి ఇప్పించండి" అన్నారు. వాళ్ళు "పిన్ కొట్టారు" అన్నారు. మేము కూర్చుని రెండింటినీ విడదీసి ఈమెయిల్ రాశాం. ఒకే రోజు, ఒకే మెషీన్, ఒకే మొత్తం, కొన్ని నిమిషాల తేడాతో రెండుసార్లు పడింది. చేసిన పని ఒకటే, కాగితం ఒకటే. రెండో లావాదేవీకి వ్యాపారి ఏ పని చేశాడో రుజువు తెప్పించండి అని అడిగాం. తెల్లకాగితం బిల్లు, మెషీన్ స్లిప్పు, రెండు మెసేజీల ఫోటోలు జతచేశాం. బిల్లు మీద కార్డుదారుడు అభ్యంతరం చెప్తే 30 రోజుల్లోపు వివరణ, అవసరమైతే పత్రాల రుజువు ఇవ్వాలని 2022 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ కార్డు ఆదేశాల్లో ఉంది. ఆ మాట కూడా రాశాం. అయిదో వారంలో రెండో 9,440 వెనక్కి వచ్చింది.

కస్టమర్ కేర్ కుర్రాడి మీద మాకు కోపం లేదు, ముందున్న తెర మీద ఏది ఉంటే అది చదువుతాడు. కోపం ఆ మాట రాసి పెట్టినవాళ్ళ మీద. ఫోనులో కాదన్న డబ్బే రాతలో అడిగితే వచ్చిందంటే, ఫోనుతో ఆగిపోయిన ముసలివాళ్ళ డబ్బు ఎంత ఎక్కడ ఉండిపోయిందో ఆలోచించండి. బ్యాంకు మన దగ్గర బాకీ ఒక్కరోజు ఆలస్యమైతే మెసేజి మీద మెసేజి పంపుతుంది. మన హక్కు గురించి మాత్రం మనం అడిగితే తప్ప నోరు విప్పదు.

బిల్లు చేతికొచ్చాక ఇంకో ప్రమాదం ఉంది. కోపంతో బిల్లంతా కట్టడం మానేస్తే, లేదా 'మినిమమ్' మాత్రం కడితే, మిగతా కొనుగోళ్ళ మీద కూడా వడ్డీ మొదలవుతుంది. కార్డు వడ్డీ నెలకు 3 శాతం పైమాటే, ఏడాదికి లెక్కేస్తే వడ్డీవ్యాపారి కూడా సిగ్గుపడాలి. అందుకే, తగాదా లేని మొత్తం గడువులోపు పూర్తిగా కట్టేయాలి. తగాదా ఉన్న మొత్తాన్ని తేలేదాకా పక్కన పెట్టమని, దాని మీద వడ్డీ వేయవద్దని అదే ఈమెయిల్‌లో అడగాలి.

ఇక మిగిలింది మొదటి 9,440. అది ఇంకా రాలేదు, వస్తుందని మేము హామీ కూడా ఇవ్వలేం. కానీ మన చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. చేసిన సేవకు సరైన బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. తెల్లకాగితం మీద 18 శాతం జీఎస్టీ వేశాడు గానీ జీఎస్టీ నంబరు లేదు. రిజిస్ట్రేషన్ లేనివాడు ఆ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. కర్ణాటకలో రిజిస్టరైన వ్యాపారి నంబరు 29తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే వ్యాపారి పేరు వస్తుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. అడ్రసు లేదనుకున్న మనిషి కూడా మెషీన్ స్లిప్పు మీద దొరుకుతాడు. వ్యాపారి పేరు, మర్చంట్ నంబరు, మెషీన్ ఇచ్చిన బ్యాంకు పేరు అక్కడ అచ్చై ఉంటాయి. టీచరమ్మ స్లిప్పు మీద ఉన్నది బీగాలవాడి పేరు కాదు, ఏదో ట్రేడర్స్. ఆ స్లిప్పు అచ్చు కొన్ని నెలల్లో మాయమైపోతుంది, అందుకే ఆ రోజే ఫోటో తీసుకోవాలి.

ఇప్పుడు 'పరాయి రాష్ట్రం' మాట. ఈ మాట విన్నప్పుడల్లా మాకు ఒళ్ళు మండుతుంది. మన రేషన్ కార్డు ఇక్కడిది, ఓటు ఇక్కడిది, పన్ను ఇక్కడ కడుతున్నాం. పిల్లలు కన్నడం మనకన్నా బాగా మాట్లాడతారు. కానీ హక్కు అడగవలసి వచ్చేసరికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళమైపోతాం. చట్టం మనల్ని అలా చూడటం లేదు. 2019 చట్టం ప్రకారం మనం నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ళ గడువు ఉంది. అంతకన్నా ముందు 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి ఉచితంగా వెళ్ళవచ్చు. దాని వివరాలు చెప్పే నంబరు 14448. అక్కడ హిందీ, ఇంగ్లీషే కాదు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీతో పాటు తెలుగులోనూ మాట్లాడతారు. బెంగుళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా అదే నంబరు. భాష రాదన్న సాకు కూడా మనకు మిగల్లేదు.

మోసగాడు మాట్లాడిన తెలుగుకు కరిగిపోయాం. న్యాయం అడగడానికి ఉన్న తెలుగును మాత్రం వాడుకోం. ఇదీ మన సంగతి.

కాబట్టి సమావేశంలో ఆ తీర్మానాన్ని పక్కన పెట్టి ఇవి ఒప్పుకోమని కోరుతున్నాం.

ఒకటి, మన చుట్టుపక్కల నమ్మకంగా పనిచేసే బీగాలవాళ్ళు ముగ్గురి నంబర్లు వాళ్ళ అనుమతితో సేకరించి ప్రతి ఇంటికీ ఇద్దాం. గుడి గోడ పక్కన ముసలాయన పేరు అందులో మొదట ఉండాలి. వాళ్ళు ఏ భాషవాళ్ళన్నది లెక్క కాదు. ఫోనులోనే రేటు చెప్తారా, బీగం పగలగొట్టే ముందు అడుగుతారా, ఇవే లెక్క.

రెండు, ప్రతి ఇంటి తాళంచెవి ఒకటి నమ్మకమైన పొరుగింట్లో ఉండాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఆ రోజు టీచరమ్మ తాళంచెవి పక్కింట్లో ఉండి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

మూడు, కార్డు యాప్‌లో అంగడి మెషీన్ లిమిట్‌ను మన అవసరానికి తగ్గించుకోవాలి. 2020 నుంచి ఈ సౌకర్యం ఇవ్వవలసిన బాధ్యత బ్యాంకులదే. లిమిట్ 5,000 పెట్టుకుని ఉంటే 9,440 పడేదే కాదు. పిల్లలు వచ్చినప్పుడు అమ్మానాన్నల ఫోనులో ఈ పని చేసి వెళ్ళండి. మెషీన్ 'ఫెయిలైంది' అంటే మళ్ళీ పిన్ కొట్టే ముందు మెసేజి చూసుకోవాలి, ఫెయిలైన స్లిప్పు అడగాలి.

నాలుగు, గుమ్మంలో నిలబడి బెదిరిస్తే 112కు ఫోను చేయాలి. పోలీసు వస్తే పరువు పోతుందని ఆగకండి. పోయేది మన పరువు కాదు.

అయిదు, నెలకు ఒక ఆదివారం సంఘం హాలులో మాలో ఇద్దరం కూర్చుంటాం. బ్యాంకు బిల్లు, బీగాలవాడి బిల్లు, ఏదైనా తీసుకురండి. ఫిర్యాదు రాయడంలో సాయం చేస్తాం. ఎవరి పేరూ బయటికి రాదు. మోసపోయి వచ్చినవాళ్ళను "చదువుకున్నారు కదా" అన్నవాళ్ళు మాత్రం ఆ రోజు అందరికీ కాఫీ పోయించాలి.

టీచరమ్మ కొడుకు ఫోనులో "వదిలెయ్యమ్మా, ఆ డబ్బు నేను పంపిస్తాలే" అంటున్నాడు. ప్రేమతోనే అంటున్నాడు. ఆవిడ నిన్న కమిషన్‌కు పెట్టే ఫిర్యాదు మీద సంతకం చేశారు. సంతకం చేసే ముందు లెక్క మొత్తం మళ్ళీ ఒకసారి కూడి చూసి, మేము ఒకచోట తేదీ తప్పు రాశామని దిద్దారు కూడా. పన్నెండు రోజులు సిగ్గుతో ముడుచుకుని కూర్చున్న మనిషిలో మళ్ళీ మా లెక్కల టీచరమ్మ కనిపించింది. ఆ డబ్బు వచ్చినా రాకపోయినా, సంఘం ఉండవలసింది ఇందుకేనని మేము అనుకుంటున్నాం.

మీ ఇంట్లో ఇలాంటిది జరిగి ఉంటే కింద రాయండి, రాయడం ఇష్టం లేకపోతే మాలో ఎవరికైనా ఫోను చేయండి. తీర్మానం పెట్టినవాళ్ళు కూడా మనవాళ్ళే, వాళ్ళ జవాబు కూడా ఇదే పేజీలో రావాలని మా కోరిక. సమావేశంలో కలుద్దాం.